ముగ్గురు దేవుళ్లా, ఒక్కడా? క్రైస్తవుల త్రిత్వం అసలు చెప్పేదేమిటి

తిరుపతిలో క్రైస్తవులు, హిందువులు పక్కపక్క ఇళ్లల్లో ఉంటారు, ఒకే ఆఫీసులో పనిచేస్తారు, పండక్కి ఒకరింటి నుంచి ఇంకొకరింటికి పిండివంటలు వెళ్తాయి. కాబట్టి దేవుడి మాట ఎప్పుడో ఒకప్పుడు రాక తప్పదు. వచ్చినప్పుడు ఎక్కువగా వినిపించే ప్రశ్న ఇది: "మాకు బ్రహ్మ, విష్ణువు, మహేశ్వరుడు. మీకు తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ. రెండూ ఒకటే కదన్నా?" దెప్పడానికి అడిగేది కాదిది, చాలాసార్లు కలుపుకుపోవడానికే అడుగుతారు. అవతలి నుంచి వచ్చే జవాబు కూడా దాదాపు ఒకేలా ఉంటుంది: "కాదు బ్రదర్, దేవుడు ఒక్కడే, నీళ్లు, మంచు, ఆవిరి ఉన్నట్టు మూడు రూపాల్లో ఉంటాడు." ప్రశ్నలో ఉన్న పోలిక సరిపోదు, జవాబులో ఉన్నదీ సరిపోదు. పైగా ఆ జవాబు వెనకున్న ఆలోచనను చర్చి తప్పని పక్కన పెట్టి 1,700 ఏళ్లు దాటింది.

ముందు సిద్ధాంతం ఏమంటుందో చూద్దాం. దేవుడు ఒక్కడే. తండ్రి దేవుడు, కుమారుడు దేవుడు, పరిశుద్ధాత్మ దేవుడు. అయితే తండ్రే కుమారుడు కాడు, కుమారుడే పరిశుద్ధాత్మ కాడు. ముగ్గురికీ ఉన్నది ఒకే దైవత్వం, తలా మూడో వంతు పంచుకున్నది కాదు. "మూడు ఒకటెలా అవుతుంది" అని లెక్కలోకి దిగేవాళ్లు గమనించాల్సింది ఏంటంటే, ఇక్కడ ఒకటి అంటున్నది, మూడు అంటున్నది ఒకే దాన్ని కాదు. దేవుడు "ఏమిటి" అని అడిగితే జవాబు ఒక్కటే, "ఎవరు" అని అడిగితే ముగ్గురు. ఇది అర్థం కావడం కష్టమే, కానీ తనను తానే కొట్టేసుకునే మాట మాత్రం కాదు.

అసలు ఇంత చిక్కుముడి ఎందుకు పెట్టుకున్నారు? ఎవరో తత్వవేత్త తీరిగ్గా కూర్చుని అల్లిన సిద్ధాంతం కాదిది. ప్రార్థన నుంచి పుట్టింది. ఈ సంగతి పట్టుకుంటే మిగతాదంతా దారిలో పడుతుంది.

మొదటి క్రైస్తవులు యూదులు. వాళ్లు పొద్దున, సాయంత్రం చెప్పుకునే మాట ద్వితీయోపదేశకాండం ఆరో అధ్యాయంలో ఉంది: "ఇశ్రాయేలూ వినుము, మన దేవుడైన యెహోవా అద్వితీయుడగు యెహోవా." రోమన్ల కాలంలో చక్రవర్తి విగ్రహానికి దండం పెట్టకుండా ప్రాణాలైనా వదిలేసిన జాతి అది. అలాంటివాళ్లు, యేసు సిలువ మీద చనిపోయిన కొద్ది కాలానికే, ఆయనకు ప్రార్థన చేయడం మొదలుపెట్టారు. రాళ్లతో కొట్టి చంపుతుంటే తొలి క్రైస్తవుల్లో ఒకడైన స్తెఫను "యేసు ప్రభువా, నా ఆత్మను చేర్చుకొనుము" అన్నాడని అపొస్తలుల కార్యాల్లో ఉంది. చనిపోతున్న యూదుడు తన ప్రాణాన్ని అప్పగించేది దేవుడికే, మరొకరికి కాదు. యెషయా గ్రంథంలో దేవుడు "నేను తప్ప వేరే దేవుడు లేడు, ప్రతి మోకాలూ నా ముందే వంగుతుంది" అంటాడు. అపొస్తలుడైన పౌలు ఫిలిప్పీయులకు రాసిన పత్రికలో సరిగ్గా ఆ మాటనే తీసుకొచ్చి, ప్రతి మోకాలూ యేసు నామమున వంగాలి అన్నాడు. లేఖనాలు కంఠతా వచ్చిన పరిసయ్యుడు (నిష్ఠగల యూదు శాఖవాడు) అతను, ఏ వాక్యాన్ని ఎవరికి అంటగడుతున్నాడో తెలియక రాసి ఉండడు.

దీనికి బయటి సాక్ష్యం కూడా ఉంది. సుమారు క్రీ.శ. 112లో, ఇప్పటి టర్కీలో ఉన్న బితునియ ప్రాంతాన్ని పాలించిన రోమన్ గవర్నర్ ప్లినీ, క్రైస్తవులను విచారించి చక్రవర్తి ట్రాజన్‌కు ఉత్తరం రాశాడు. వీళ్లు ఒక నియమిత రోజున తెల్లవారకముందే కలుసుకుని క్రీస్తును దేవుడిగా భావించి పాట పాడతారు అని అందులో ఉంది. అతనికి క్రైస్తవులంటే ఏ అభిమానమూ లేదు, విన్నది విన్నట్టు రాసుకున్నాడు.

ఇక్కడి చర్చిల్లోనే ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. తిరుపతి, శ్రీకాళహస్తి వైపు జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ నుంచి వచ్చిన లూథరన్ మిషనరీలు పనిచేశారు, చిత్తూరు, మదనపల్లె వైపు అమెరికా రిఫార్మ్‌డ్ చర్చివాళ్ల ఆర్కాట్ మిషన్ పనిచేసింది. సంప్రదాయాలు వేరైనా, లూథరన్ చర్చి అయినా, సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) అయినా, ఆదివారం ఆరాధన చివర అందరూ లేచి తల వంచి నిలబడితే అయ్యగారు చెయ్యెత్తి చెప్పే దీవెన ఒకటే: "ప్రభువైన యేసుక్రీస్తు కృపయు, దేవుని ప్రేమయు, పరిశుద్ధాత్మ సహవాసమును మీకందరికిని తోడైయుండును గాక." పిల్లలు ఇక ఇంటికెళ్లొచ్చు అనుకునే ఘట్టం అది. ఈ మాటలు కొరింథీయులకు రాసిన రెండో పత్రిక ముగింపు, సుమారు క్రీ.శ. 55 ప్రాంతంలో రాసింది. అంటే త్రిత్వాన్ని "కనిపెట్టింది" అని అందరూ చెప్పుకునే 325 నాటి నైసియా బిషప్పుల సభకు దాదాపు 270 ఏళ్ల ముందే, ముగ్గురినీ ఒకే ఊపిరిలో తలచి దీవించే అలవాటు సంఘంలో ఉంది. "త్రిత్వం" అనే మాట బైబిల్లో ఎక్కడుంది అని అడిగేవాళ్లకు నిజాయితీగా చెప్పాల్సిన జవాబు: ఎక్కడా లేదు. దానికి సరిసమానమైన లాటిన్ పదాన్ని వాడుకలోకి తెచ్చినవాడు సుమారు క్రీ.శ. 200 ప్రాంతపు క్రైస్తవ రచయిత తెర్తుల్లియన్. మాట తర్వాత వచ్చింది, మొక్కు ముందే ఉంది.

ఈ విషయంలో క్రైస్తవులు కూడా కొంచెం జాగ్రత్తగా ఉండాలి. పాత ఇంగ్లిష్ కింగ్ జేమ్స్ బైబిల్లో మొదటి యోహాను ఐదో అధ్యాయంలో "పరలోకంలో సాక్ష్యమిచ్చేవారు ముగ్గురు, తండ్రి, వాక్యము, పరిశుద్ధాత్మ" అని ఉండే వాక్యాన్ని కొందరు వాదనల్లో బ్రహ్మాస్త్రంలా వాడతారు. పాత గ్రీకు ప్రతుల్లో అది లేదు. 1516లో గ్రీకు కొత్త నిబంధనను అచ్చువేసిన ఎరాస్మస్ దాన్ని వదిలేశాడు, విమర్శకులు గొడవ చేశాక 1522 ముద్రణలో చేర్చాడు. మన చేతుల్లో మామూలుగా ఉండే తెలుగు బైబిల్లో ఆత్మ, నీళ్లు, రక్తం అనే ముగ్గురు సాక్షులే కనిపిస్తారు. ఆ ఒక్క వాక్యం మీద ఆధారపడి నిలబడే సిద్ధాంతమైతే ఎప్పుడో కూలిపోయేది.

ఇక ఎదురు వాక్యాలు. ఇవి దాచేస్తే వ్యాసానికి అర్థం లేదు. "తండ్రి నాకంటె గొప్పవాడు" అని యోహాను సువార్తలో యేసే అన్నాడు. ఆ దినం, ఆ గడియ కుమారుడికి కూడా తెలియదు, తండ్రికే తెలుసు అని మార్కు 13లో ఉంది. "సత్పురుషుడనని నన్నేల చెప్పుచున్నావు? దేవుడొక్కడే గాని మరి ఎవడును సత్పురుషుడు కాడు" అని ఒక యువకుడితో అన్నాడు. పట్టుబడిన రాత్రి గెత్సేమనే తోటలో నేల మీద పడి ప్రార్థించాడు. దేవుడైతే ఎవరికి ప్రార్థించాడు, ఎందుకు తెలియదన్నాడు? ఇవి పైపై ప్రశ్నలు కావు. అదే యోహాను సువార్తలో యేసును ఉద్దేశించి "వాక్యము దేవుడై యుండెను" అని మొదటి వాక్యమే చెబుతుంది, చివర్లో శిష్యుడైన తోమా "నా ప్రభువా, నా దేవా" అంటే యేసు వద్దనలేదు. రెండు వరసల వాక్యాలూ ఒకే పుస్తకంలో ఉన్నాయి. ఒక వరసను పట్టుకుని ఇంకోదాన్ని వదిలేస్తే పని సులువైపోతుంది. మొదటి మూడు నాలుగు శతాబ్దాల్లో అలా సులువు చేయాలని చూసినవాళ్లు రెండు వైపులా ఉన్నారు.

ఒక వైపు ఆరియస్. అలెగ్జాండ్రియాలో చర్చి పెద్ద, మంచి వక్త, తన వాదాన్ని పడవలవాళ్లూ పిండి విసిరేవాళ్లూ పాడుకునేలా పాటలు కట్టాడని పాత చరిత్రకారులు రాశారు. అతను యేసును కించపరచలేదు. సృష్టిలో అందరికంటే ముందు పుట్టినవాడు, మిగతా లోకమంతా ఆయన ద్వారానే కలిగింది, కానీ ఆయన కూడా సృష్టే, "ఆయన లేని కాలం ఒకటి ఉండేది" అన్నాడు. వినడానికి ఎంత సాఫీగా ఉందో చూడండి. దేవుడు ఒక్కడే అన్న మాట నిలబడుతుంది, యేసుకు పెద్దపీటా దక్కుతుంది. అయితే ఆదివారం సంగతి? సంఘమంతా మోకరించి ప్రార్థిస్తున్నది ఒక సృష్టికా? అలాగైతే మొదటి ఆజ్ఞనే మీరి విగ్రహారాధన చేస్తున్నట్టు కదా? తర్వాత అదే అలెగ్జాండ్రియాకు బిషప్పు అయిన అథనాసియస్ పట్టుకున్న కీలకం ఇదే. ఇంకో మాట కూడా అన్నాడు: రక్షించగలిగేది దేవుడొక్కడే, తానే సృష్టి అయినవాడు ఇంకో సృష్టిని దేవుడితో కలపలేడు, తనకే ఆ కలయిక కావాలి.

325లో చక్రవర్తి కాన్‌స్టంటైన్ నైసియాలో, అంటే నేటి టర్కీలోని ఇజ్నిక్‌లో, బిషప్పులను సమావేశపరిచాడు. వచ్చినవాళ్లు సుమారు 300 మంది. కుమారుడు తండ్రితో "ఒకే తత్వం గలవాడు", పుట్టినవాడే గాని చేయబడినవాడు కాడు అని విశ్వాస ప్రమాణం రాశారు. ఆరియస్‌తో పాటు సంతకం పెట్టనివాళ్లు ఇద్దరే బిషప్పులు. "చక్రవర్తి ఓటింగ్ పెట్టించి యేసును దేవుణ్ని చేశాడు" అని వాట్సాప్‌లో తిరిగే కథకు చరిత్రలో ఆధారం లేదు. బైబిల్లో ఏ పుస్తకాలుండాలో కూడా ఆ సభ తేల్చలేదు. పైగా అదే కాన్‌స్టంటైన్ 335లో అథనాసియస్‌ను ప్రవాసానికి పంపాడు, 337లో మరణశయ్య మీద ఆరియస్ పక్షానికి దగ్గరైన బిషప్పు చేత బాప్తిస్మం తీసుకున్నాడు. అతని కొడుకు కాన్‌స్టాంటియస్ ఆరియస్ పక్షాన్నే మోశాడు. అథనాసియస్ 45 ఏళ్లు బిషప్పుగా ఉంటే, ఐదు విడతలుగా సుమారు 17 ఏళ్లు ప్రవాసంలోనే గడిపాడు. రాజ్యం బలంతో నిలిచిన సిద్ధాంతమే అయితే నాలుగో శతాబ్దంలో గెలవాల్సింది ఆరియస్ వాదం.

ఈ గొడవ పెద్దవాళ్ల మధ్యే ఉండిపోలేదు. నేటి ఇస్తాంబుల్ అయిన కాన్‌స్టాంటినోపుల్‌లో చిల్లర అడిగితే పుట్టినవాడు, పుట్టనివాడు అని తత్వం మొదలుపెడతారు, రొట్టె ధర అడిగితే తండ్రి గొప్ప, కుమారుడు తక్కువ అంటారు, స్నానానికి నీళ్లు సిద్ధమా అంటే కుమారుడు శూన్యంలోంచి కలిగాడంటారు అని నిస్సా బిషప్పు గ్రెగరీ విసుక్కున్నాడు. అద్వైతమా, విశిష్టాద్వైతమా, ద్వైతమా అని తరతరాలుగా వాదించుకున్న మన నేల మీద ఈ దృశ్యం ఊహించుకోవడం కష్టమేమీ కాదు. నేటికీ ఆరియస్‌కు దగ్గరగా ఉన్నవాళ్లు యెహోవాసాక్షులు. యేసు దేవుడి మొదటి సృష్టి అని, పరిశుద్ధాత్మ దేవుడి శక్తి అని నమ్ముతారు, ప్రార్థన యేసు పేరిట యెహోవాకే చేస్తారు. త్రిత్వం మీద వాళ్ల వాదనతో ఏకీభవించకపోయినా, నమ్మినదానికీ మొక్కేదానికీ పొంతన చూసుకున్నారని ఒప్పుకోవాలి.

రెండో వైపు మొదట్లో చెప్పిన నీళ్లు, మంచు, ఆవిరి. సండే స్కూల్లో పిల్లలకు ఇది చెప్పని ఊరు లేదు, చెప్పే టీచర్ల మంచి మనసును తప్పుపట్టనక్కర్లేదు కూడా. కానీ అదే నీళ్లు మంచైనప్పుడు నీళ్లుగా ఉండవు. అంటే ఒకే దేవుడు కాసేపు తండ్రి, కాసేపు కుమారుడు, ఆ తర్వాత ఆత్మ. మూడో శతాబ్దంలో సబెల్లియస్ పేరు మీద చెలామణీ అయిన వాదం ఇదే. యేసు బాప్తిస్మం తీసుకున్న యొర్దాను నది దగ్గరికొచ్చేసరికి ఇది తెగిపోతుంది: యేసు నీళ్లలో నిలబడి ఉన్నాడు, ఆత్మ పావురంలా దిగుతోంది, ఆకాశం నుంచి "ఈయనే నా ప్రియ కుమారుడు" అనే స్వరం వస్తోంది. ముగ్గురూ ఒకే క్షణంలో ఉన్నారు. ఒక్కడే మూడు వేషాలు కట్టాడంటే ఆ స్వరం ఎవరిది? గెత్సేమనేలో చెమట రక్తపు బిందువుల్లా కారుతుండగా చేసిన ప్రార్థన తనకు తాను చేసుకున్నదా? అలా అంటే ఆ రాత్రి పడిన వేదన నటన అయిపోతుంది. ఈ వాదంలో అన్నిటికంటే మింగుడుపడనిది అదే.

ఇది పాత కథ కాదు. 1913లో లాస్ ఏంజెలెస్ దగ్గర జరిగిన పెంతెకొస్తు కూడికల తర్వాత "తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అన్నీ యేసే" అనే బోధ బయల్దేరి, 1916లో అసెంబ్లీస్ ఆఫ్ గాడ్ చీలిపోయింది. తెలుగు నేల మీద కూడా ఆ బోధ ఉంది. మత్తయి 28లో ఉన్నట్టు తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామంలో ఇచ్చిన బాప్తిస్మం చెల్లదు, అపొస్తలుల కార్యాలు 2:38 ప్రకారం యేసు నామంలోనే మళ్లీ తీసుకోవాలి అంటారు. ఒకే ఇంట్లో అత్త ఒక చర్చికి, కోడలు ఇంకో చర్చికి వెళ్తే టెన్షన్ మొదలయ్యేది సరిగ్గా ఇక్కడే. మత్తయి, అపొస్తలుల కార్యాలు రాసిన లూకా ఇద్దరూ ఒకే బాప్తిస్మం గురించి రాశారని, ఒకరు పూర్తి మాట చెబితే ఇంకొకరు ఎవరి అధికారం కిందికి వస్తున్నారో చెప్పారని మిగతా సంఘాలు చదువుతాయి. ఆ చదువే సరైనదనిపిస్తుంది.

పరిశుద్ధాత్మ గురించి నైసియా ప్రమాణం "పరిశుద్ధాత్మను నమ్ముచున్నాము" అని ఒక్క ముక్కతో వదిలేసింది. 381లో కాన్‌స్టాంటినోపుల్ సభ దాన్ని విస్తరించింది: ప్రభువు, జీవమిచ్చేవాడు, తండ్రితోను కుమారునితోను ఆరాధించబడేవాడు. ఇక్కడా చివరికి వచ్చి ఆగింది ఆరాధన దగ్గరే.

కుమారుడు పూర్తిగా దేవుడే అన్నాక, మరి ఆకలి, నిద్ర, కన్నీళ్లు? పడవలో తలగడ మీద పడుకుని నిద్రపోయాడు, అంజూరపు చెట్టు దగ్గరికి ఆకలితో వెళ్లాడు, లాజరు సమాధి దగ్గర ఏడ్చాడు. 451లో కల్సెదోను సభ, ఒక్క వ్యక్తిలో రెండు స్వభావాలు, అవి కలిసిపోవు, మారిపోవు, విడిపోవు, వేరుపడవు అంది. నాలుగూ "కాదు" అనే మాటలే. రహస్యాన్ని విప్పామని చెప్పలేదు, ఎటు దాటితే తప్పో గీత గీసి చూపించింది, అంతే. "తండ్రి నాకంటె గొప్పవాడు", "గడియ తెలియదు" లాంటి మాటలు ఆ మనుష్య స్వభావంలో, దాసుడి స్థితిలో ఉండి అన్నవని సంఘం చదువుతోంది. కల్సెదోను సూత్రాన్ని ఈజిప్టు, ఆర్మేనియా, సిరియా సంఘాలు ఒప్పుకోలేదు. కేరళలోని మలంకర ఆర్థడాక్స్ సంఘం కూడా ఆ వరసలోదే. అయినా యేసు దేవుడూ మనిషీ అన్నదాంట్లో వాళ్లకూ తేడా లేదు, చెప్పే పద్ధతిలోనే.

ఇప్పుడు పక్కింటాయన ప్రశ్న. త్రిమూర్తుల్లో సృష్టి, స్థితి, లయ అని పనులు పంచి ఉంటాయి. త్రిత్వంలో అలా పంపకం లేదు, సృష్టిలో ముగ్గురూ, రక్షణలో ముగ్గురూ ఉంటారు. అంతేకాదు, త్రిమూర్తుల పోలిక ఇక్కడి వైష్ణవానికే సరిగ్గా నప్పదు. గోవిందరాజస్వామి గుడిని రామానుజులతో ముడిపెట్టి చెప్పుకునే ఊరు ఇది. శ్రీవైష్ణవంలో నారాయణుడే పరబ్రహ్మం, బ్రహ్మరుద్రులు ఆయన కిందివాళ్లు. ఆయనకు పర, వ్యూహ, విభవ, అంతర్యామి, అర్చ అని ఐదు స్థితులు చెబుతారు. కొండ మీద స్వామి అర్చావతారం, రాముడూ కృష్ణుడూ విభవం. ఈ ఐదూ ఒక్క నారాయణుడే. ఐదుగురు ఒకరినొకరు ప్రేమించుకుంటూ, ఒకరికొకరు ప్రార్థించుకుంటూ ఉన్నారని ఎవరూ అనరు. త్రిత్వంలో అయితే అసలు విషయమే అది: లోకం పుట్టకముందే తండ్రి కుమారుణ్ని ప్రేమించాడు అంటుంది యోహాను 17. కాబట్టి రెండు సంప్రదాయాలనూ గౌరవించేవాళ్లు వాటిని ఒకే మూసలో పోయకపోవడమే మంచిది. వేదాల్లోని ప్రజాపతి యేసే అని చెప్పే కొందరు ప్రసంగీకులకూ ఇదే వర్తిస్తుంది. అవతలి గ్రంథాన్ని దాని సొంత అర్థంలో చదవకుండా తమకు కావలసినది లాక్కోవడం న్యాయం కాదు, దానివల్ల యేసుకు ఒరిగేదీ లేదు.

అవతారంతో పోలిక ఇంకా దగ్గరగా వస్తుంది, అందుకే అక్కడ తేడా ఇంకా జాగ్రత్తగా చూడాలి. అవతారాలు అనేకం, ఒక పని మీద వస్తాయి, పని ముగిశాక చాలిస్తాయి. క్రైస్తవుల నమ్మకం ప్రకారం దేవుడు మనిషైంది ఒక్కసారే, రోమన్ చక్రవర్తి తిబెరియ కైసరు, గవర్నర్ పొంతి పిలాతు అనే పేర్లతో తేదీ కట్టగలిగిన కాలంలో. మనిషి కావడాన్ని ఆయన వదిలేయనూ లేదు. తిరిగి లేచాక శిష్యులు భయపడితే చేతులూ కాళ్లూ చూపించి, వాళ్లిచ్చిన కాల్చిన చేప ముక్క తిన్నాడని లూకా 24 చెబుతుంది. ఆ శరీరంతోనే ఆరోహణమయ్యాడని, ఇప్పటికీ మనిషిగానే ఉన్నాడని సంఘం నమ్ముతుంది. పటాల వరసలో యేసు పటం కూడా పెట్టుకున్న పక్కింటావిడ "ఆయనా మా దేవుడే కదమ్మా" అని ప్రేమగా అన్నప్పుడు క్రైస్తవురాలు ఏమనాలో తోచక ఆగేది గర్వంతో కాదు. దేవుడు అద్వితీయుడు అనే యూదుల మాటను క్రైస్తవం ఎప్పుడూ రద్దు చేయలేదు, అనేకుల్లో ఒకడిగా యేసుకు చోటు ఇవ్వడానికి ఆ మాటే ఒప్పుకోదు. అదంతా గుమ్మం దగ్గర నిలబడి రెండు నిమిషాల్లో చెప్పేది కాదు గనక, లోపలికి పిలిచి కాఫీ ఇచ్చి నిదానంగా చెప్పుకోవాల్సిందే.